రెండడుగుల ట్యాంకులో స్పాంజ్ ఫిల్టర్: కొన్నేళ్లు వాడాక

ముందుగా సరంజామా. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు ఉన్న గాజు ట్యాంకు. అందులో జంట స్పాంజీల ఫిల్టరు (గాలి బుడగలు దాని కాడ గుండా పైకి లేస్తూ నీళ్లను స్పాంజీల్లోంచి లాగుతాయి), దాన్ని నడిపే 4 వాట్ల ఎయిర్ పంపు, కరెంటు పోగానే దానంతటదే అందుకునే బ్యాటరీ పంపు ఇంకొకటి. కొలత ప్రకారం 70 లీటర్లు పట్టాలి గానీ పైన వదిలిన రెండంగుళాలూ అడుగున ఇసుకా తీసేస్తే ఉండేది 55 లీటర్ల నీళ్లే. మందుల మోతాదు ఎప్పుడూ ఈ రెండో అంకెకే వేయాలి. చేపలు గప్పీలు, మోలీలు, ప్లాటీలు, అడుగున కొన్ని కోరిడొరాస్.

తీర్పు ముందే చెప్పేస్తాను. నీళ్లను అద్దంలా మెరిపించే ఫిల్టరు కాదిది. చూడ్డానికీ బాగుండదు. కానీ హైదరాబాదు ఇళ్లలో చేపలు చచ్చిపోయే దారులు నాలుగైదుంటే, అందులో మూడింటిని ఇది మూసేస్తుంది: కరెంటు పోవడం, ఫిల్టరును కుళాయి కింద కడగడం, ఎండాకాలంలో ఆక్సిజన్ తగ్గడం. క్లోరిన్ దారిని మూయలేదు. అది మన చేతిలో పని. వీటికి తోడు, మామూలు ఫిల్టర్లలో అంతగా లేని ఒక కొత్త దారిని ఇదే తెరుస్తుంది. దాని గురించి అట్టపెట్టె మీద ఎవరూ రాయరు.

కరెంటు పోయినప్పుడు

పవర్ ఫిల్టరంటే మోటారున్న డబ్బా. మోటారు ఆగితే డబ్బాలో నీళ్లు కదలవు. లోపల స్పాంజీకీ రింగులకూ పట్టిన, చేపల మురికిని శుద్ధి చేసే బాక్టీరియా ఆ కాసిని నీళ్లలోని ఆక్సిజన్‌ను వాడేసుకుని, ఆ తర్వాత దెబ్బతినడం మొదలుపెడుతుంది. నాలుగైదు గంటలకు కరెంటు రాగానే లోపల మురిగిన నీళ్లన్నీ ఒక్కసారిగా ట్యాంకులోకి వచ్చి పడతాయి. కరెంటు లేనంతసేపూ బతికిన చేపలు వచ్చాక పోయాయేమిటని చాలామంది తల పట్టుకునేది ఇక్కడే. ట్యాంకు బయట పెట్టే కానిస్టర్ ఫిల్టర్లలో ఈ బెడద మరీ ఎక్కువ. స్పాంజ్ ఫిల్టరుకు డబ్బా లేదు. చుట్టూ ట్యాంకు నీళ్లే ఉంటాయి కాబట్టి పంపు ఆగినా బాక్టీరియాకు వెంటనే ఊపిరాడకుండా పోదు.

నగరంలో రోజువారీ కోతలు తగ్గాయి గానీ ఏప్రిల్, మే గాలివానలు తగ్గలేదు. కొమ్మ విరిగి తీగల మీద పడిందంటే సాయంత్రం పోయిన కరెంటు ఏ రాత్రికో గానీ రాదు. సరిగ్గా అప్పుడే నీళ్లు కూడా వేడిగా ఉంటాయి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. ఇది సముద్రమట్టం లెక్క. 500 మీటర్లకు పైన ఉన్న మన ఊళ్లో ఇంకాస్త తక్కువే. చేపకు ఆక్సిజన్ అవసరం మాత్రం వేడితో పాటు పెరుగుతుంది.

బ్యాటరీ పంపు పనికొచ్చేది ఇలాంటప్పుడే, అయితే దాన్ని నమ్మి ఊరుకోకూడదు. నెలకోసారి ప్లగ్గు పీకి, గంటసేపు అలాగే వదిలి చూడాలి. ఏడాదిన్నర, రెండేళ్లు దాటాక బ్యాటరీ ఫుల్ చార్జింగ్ చూపిస్తూనే అరగంటలో చేతులెత్తేస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే పంపును ఆ లైను మీద పెట్టడమే మేలు. 4 వాట్ల పంపు నెలంతా తిరిగినా మూడు యూనిట్లు కాదు, ఇన్వర్టరుకు దాని బరువే తెలియదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరైతే పంపు మోత పెరుగుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. కరెంటు లేనంతసేపూ మేత మాత్రం వేయకండి.

ఇంకో ప్రమాదం గొట్టంలో ఉంది. పంపును ట్యాంకు నీటిమట్టం కన్నా కింద పెట్టారనుకోండి. పంపు ఆగగానే నీళ్లు గొట్టం గుండా వెనక్కి జారి పంపులోకి, అక్కణ్నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సులోకి దిగుతాయి. ఇరవై, ముప్పై రూపాయల నాన్ రిటర్న్ వాల్వు దీన్ని ఆపుతుంది. బాణం గుర్తు ట్యాంకు వైపు చూడాలి, వాల్వు నీటిమట్టం కన్నా పైన ఉండాలి. దాని లోపలి రబ్బరు నాలుక ఏడాదికల్లా గట్టిపడుతుంది. ట్యాంకు వైపు కొస నుంచి నోటితో ఊదినప్పుడు గాలి దూరిందంటే పారేసి కొత్తది వేయాలి. వీలైతే పంపును ట్యాంకు కన్నా ఎత్తున గోడకు తగిలించేస్తే వాల్వు మీద ఆధారపడే పనే ఉండదు. వైర్లు ప్లగ్గు దగ్గరికి తిన్నగా దిగకుండా, కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా పెట్టాలి. తీగ వెంబడి జారిన నీటిబొట్టు ఆ వంపులోనే రాలిపోతుంది.

కడగడం

చేపల విసర్జన నుంచీ మిగిలిన మేత నుంచీ అమ్మోనియా పుడుతుంది. ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఇంకో జాతి నైట్రేటుగా మారుస్తుంది. ఇవి ఎక్కువగా కాపురముండేది స్పాంజీలోనే. కుళాయి కింద రుద్ది కడిగితే క్లోరిన్‌కు చాలావరకు పోతాయి. రెండు, మూడు రోజులకు నీళ్లు పాలలా మారి, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. చాలామంది అది జబ్బనుకుని మందు పోస్తారు. అసలు కారణం అమ్మోనియా.

మన బోరు నీళ్లలో ఇది రెట్టింపు కాదు, పదింతలు ప్రమాదం. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు కన్నా తక్కువ. మన బోరు నీళ్లలా పీహెచ్ 8 దాకా ఉంటే ఆరున్నర వంతులు. టెస్ట్ కిట్లో అమ్మోనియా లీటరుకు 0.5 మిల్లీగ్రాములు కనిపిస్తే మెత్తటి నీళ్ల ఊళ్లో ఒకరోజు ఆగి చూడొచ్చు, ఇక్కడ ఆ పూటే సగం నీళ్లు మార్చాలి.

జంట స్పాంజీల వల్ల లాభం ఇదే: ఈ నెల ఎడమది కడిగితే వచ్చే నెల కుడిది. ట్యాంకులోంచి తీసిన నీళ్లనే బకెట్లో పోసుకుని, అందులో స్పాంజీని నాలుగైదుసార్లు పిండితే చాలు. తెల్లగా అయ్యేదాకా పిండకండి. బయటికి తీసేటప్పుడు దాని కింద గిన్నె గానీ పాలిథిన్ సంచి గానీ పట్టుకోవాలి, లేకపోతే మడ్డంతా మళ్లీ ట్యాంకులోకే చేరుతుంది. మూడు నాలుగు వారాలకోసారి సరిపోతుంది. స్పాంజీ మీద నల్లటి పొర కనిపించగానే కడిగేవాళ్లు ఆ పొర చూసి భయపడకుండా, బుడగలతో పాటు పైకి వచ్చే నీటి జోరు తగ్గిందా లేదా అన్నది చూసుకోవాలి.

జోరు తగ్గినా తప్పు స్పాంజీదే కానక్కర్లేదు. ముందు గొట్టాన్ని ఫిల్టరు నుంచి ఊడదీసి, అంతే లోతున్న బకెట్లో ముంచి చూడండి. బుడగలు బలంగా వస్తే పంపు బాగున్నట్టే. తప్పు ఫిల్టరు కాడలోని సన్నటి బెజ్జాలది. బోరు నీళ్లలోని సున్నం తెల్లగా పేరుకుని వాటిని పూడ్చేస్తుంది. కాడను విడదీసి వెనిగర్లోనో నిమ్మరసంలోనో రాత్రంతా నానబెట్టి, గుండుసూదితో పొడిచి, బాగా కడిగి బిగించాలి. కాడ లోపల ఎయిర్ స్టోన్ (గాలిని సన్నటి బుడగలుగా చేసే రాయి) ఉన్న రకాలు ఇక్కడి నీళ్లకు ఇంకా త్వరగా పూడుకుపోతాయి. రాయి తీసేస్తే గుడగుడమని మోత పెరుగుతుంది గానీ నెలల తరబడి ఆగకుండా నడుస్తుంది. బకెట్లో కూడా బుడగలు నీరసంగా వస్తుంటే పంపు అడుగున ఉండే ఫెల్టు ముక్కను దులపండి. మన దుమ్ముకు అది మూడు, నాలుగు నెలల్లో మూసుకుపోతుంది. అదీ శుభ్రంగా ఉంటే పంపు లోపల గాలిని నెట్టే రబ్బరు పొర, అంటే డయాఫ్రం, చిరిగినట్టు.

ఎండాకాలం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. పై అంతస్తు ఫ్లాట్లో ట్యాంకు నీళ్లు 33 డిగ్రీలకు వెళ్లడం వింతేమీ కాదు. స్పాంజ్ ఫిల్టరు వల్ల పైనీళ్లు ఎప్పుడూ కదులుతుంటాయి కాబట్టి ఆక్సిజన్ అందుతుంది. మూత కాస్త తెరిచి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు, మూడు డిగ్రీలు దిగుతుంది. అప్పుడు నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, తగ్గినమేరకు బోరు నీళ్లే పోస్తూ పోతే ఉప్పులు పేరుకుంటాయి. ఆవిరైనదానికి బదులు ఆర్‌ఓ నీళ్లు పోయాలి, వారం వారం మార్చేటప్పుడు మాత్రం మామూలు నీళ్లు. ట్యాంకంతా ఆర్‌ఓ నీళ్లతో నింపే పని వద్దు, పీహెచ్‌ను నిలబెట్టే బైకార్బనేట్ అందులో పెద్దగా ఉండదు.

మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు వేణ్నీళ్లలా వస్తాయి. వాటిని నేరుగా పోయకండి. ముందురోజు రాత్రే పట్టి డ్రమ్ములో ఉంచి, అందులో ఎయిర్ పైపు వేయాలి. బోరు నీళ్లకు ఇది ఇంకో కారణంగానూ అవసరం. భూగర్భంలోంచి వచ్చేటప్పుడు వాటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా, ఆక్సిజన్ తక్కువగా ఉంటాయి. ఒక రోజు గాలి తగిలితే అసలు పీహెచ్ ఎంతో తేలుతుంది.

క్లోరిన్ సంగతి. అపార్టుమెంట్లలో జలమండలి నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి. ఏ రోజు ఏది ఎక్కువో వాచ్‌మన్ కూడా చెప్పలేడు. అందుకని ప్రతిసారీ క్లోరిన్ ఉందనే అనుకోవాలి. దుకాణంలో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మేది చాలావరకు హైపోయే, అంటే సోడియం థయోసల్ఫేట్. 10 గ్రాముల హైపో పలుకులను నీళ్లలో కరిగించి 100 మిల్లీలీటర్లు చేసుకుంటే, 10 లీటర్ల నీళ్లకు ఒక మిల్లీలీటరు చాలు. సంపును బ్లీచింగ్ పౌడరుతో కడిగిన రోజున ఈ మోతాదు చాలదు. రెండు రోజులు నీళ్లు మార్చడం మానేయండి. తప్పనిసరైతే క్లోరిన్ పరీక్ష చుక్కలు వేసి, పసుపు రంగు రాకుండా ఉన్నప్పుడే వాడండి.

దోమల మందు

కొత్తగా తెరిచే దారి ఇదే. ఎయిర్ పంపు గదిలోని గాలిని రాత్రింబవళ్లు పీల్చి నీళ్లలోకి నెడుతుంది. అదే గదిలో కాయిల్ వెలిగించినా, లిక్విడ్ మెషీన్ పెట్టినా, బొద్దింకల స్ప్రే కొట్టినా ఆ ఆవిరి కూడా నీళ్లలోకే పోతుంది. ఆ మందుల్లో ఎక్కువ భాగం పైరెత్రాయిడ్లు: ట్రాన్స్‌ఫ్లుత్రిన్, అల్లెత్రిన్ లాంటివి. మనిషికి పెద్దగా పట్టని మోతాదు చేపకు విషం, రొయ్యలకైతే చెప్పనే అక్కర్లేదు. లక్షణాలు గుర్తుపట్టొచ్చు: చేప ఉన్నట్టుండి దూసుకెళ్లడం, గిర్రున తిరగడం, పక్కకు ఒరిగిపోవడం. విరుగుడు మందంటూ లేదు. పంపును వేరే గదిలోని గాలి పీల్చేలా మార్చి, సగం నీళ్లు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ వేయాలి.

వర్షాకాలంలో వీధిలోకి ఫాగింగ్ బండి వస్తే కిటికీలు మూసి, పొగ తగ్గేదాకా ఒక అరగంట పంపు ఆపేయండి. ఆ అరగంటకు స్పాంజీకి ఏమీ కాదు. ట్యాంకు హాల్లోనే ఉండాలి, దోమల మెషీనూ అక్కడే ఉండాలి అనే ఇళ్లలో పంపును పడగ్గదిలోనో బాల్కనీలోనో పెట్టి గొట్టం పొడుగు చేసుకోవాలి. నాలుగు మీటర్ల గొట్టానికి జోరు కొద్దిగా తగ్గుతుంది, అంతే. ఇంటికి పెస్ట్ కంట్రోల్ చేయిస్తే ఆ రోజు ట్యాంకును తడిగుడ్డతోనూ దానిమీద పాలిథిన్‌తోనూ కప్పేయాలి, పంపు మాత్రం బయటి గాలితో నడవాలి.

దీనివల్ల కానివి

సన్నటి దుమ్మును ఇది పట్టలేదు. అడుగున పేరుకున్న మడ్డిని వారానికోసారి సైఫన్‌తో మనమే లాగాలి. గోల్డ్ ఫిష్‌కు ఈ ఒక్క ఫిల్టరు సరిపోదు, అవి వేసే మురికికి రెండున్నా నీళ్లు మసకగానే ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి మొక్కలు పెంచేవాళ్లకు కూడా వద్దు, బుడగలు ఆ గ్యాసును ఎగరగొట్టేస్తాయి. పైన పగిలే బుడగల తుంపర మూతకూ లైటుకూ తెల్లగా పేరుకుంటుంది. లైటు హోల్డరును నెలకోసారి ప్లగ్గు పీకి తుడవకపోతే తుప్పు పడుతుంది. గప్పీ పిల్లలను మింగదన్నది మాత్రం పెద్ద సుగుణం. పవర్ ఫిల్టరు పెట్టినవాళ్లకు పిల్లలు మిగలవు, ఇందులో పిల్లలే స్పాంజీ మీద పాచి ఏరుకు తింటూ కనిపిస్తాయి.

కొత్త స్పాంజీ మొదట్లో తేలుతుంది. నీళ్లలో ముంచి గాలంతా పోయేదాకా పిండి పెట్టాలి. పెట్టిన రోజే అది పని చేయదు, బాక్టీరియా పూర్తిగా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాత ట్యాంకు ఎవరి దగ్గరైనా ఉంటే కొత్త స్పాంజీని అందులో నెల రోజులు ఉంచి తెచ్చుకోవడం అన్నిటికన్నా దగ్గరి దారి. తెచ్చేటప్పుడు తడి ఆరకుండా ఆ ట్యాంకు నీళ్లలోనే తేవాలి. జబ్బు చేపలున్న ట్యాంకు నుంచి మాత్రం తేవద్దు. తెల్లమచ్చల రోగం స్పాంజీతో పాటే వస్తుంది. మిథిలీన్ బ్లూ వాడాల్సి వస్తే చేపను వేరే తొట్టిలోకి మార్చి అక్కడ వాడండి, అసలు ట్యాంకులో పోస్తే ఫిల్టరులోని బాక్టీరియా దెబ్బతింటుంది.

కొనేటప్పుడు స్పాంజీని వేళ్లతో నలిపి చూడండి. పొడి రాలితే అది ఏడాది కూడా ఆగదు. అడుగున బరువు దిమ్మ ఉన్నదే తీసుకోండి, రబ్బరు కప్పులు మన వేడికి గట్టిపడి గాజును వదిలేస్తాయి. పంపుకు విడి డయాఫ్రం దొరుకుతుందో లేదో దుకాణంలో ముందే అడగాలి. దొరికితే పంపుతో పాటే ఒకటి కొనిపెట్టుకోండి. అది ఆదివారం రాత్రే చిరుగుతుంది.