హెజీరా ఆల్బమ్: జోనీ మిచెల్‌ గిటార్‌కు ఎన్ని మార్కులు?

తన పాట తానే రాసుకుని పాడేవాళ్ళ చేతిలో గిటార్ ఉన్నా దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మాటలెలా ఉన్నాయి, గొంతెలా ఉంది అని చూసి వదిలేస్తారు. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లో గిటార్ నేర్చుకునే పిల్లలు ఇంకో కొలత పట్టుకొస్తారు: సోలో ఎంత స్పీడుగా వాయిస్తారు? ఆ కొలతతో చూస్తే కెనడా గాయని జోనీ మిచెల్‌కు సున్నా వేయాల్సిందే. 1976 నవంబరులో వచ్చిన ‘హెజీరా’ తొమ్మిది పాటల ఆల్బమ్. అందులో ఆమె వాయించిన సోలో అని వేలు పెట్టి చూపించదగ్గ ముక్క వెతికినా దొరకదు. అయినా ఒక్క గిటార్ కోసమే కూర్చుని వినాల్సిన రికార్డు ఇది. ఆమె పనితనం అంతా రెండు చోట్ల ఉంది: తీగల్ని శ్రుతి చేసుకునే పద్ధతిలో, కుడి చేతిలో. ఎడమ చేతి వేళ్ళనే చూస్తూ కూర్చుంటే ఏమీ కనిపించదు.

ఎడమ చేతి సంగతి ముందు చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. తొమ్మిదేళ్ళ వయసులో వచ్చిన పోలియో వల్ల ఆమె ఎడమ చెయ్యి బలహీనపడింది. మామూలు శ్రుతిలో కష్టమైన కార్డులు (ఒకేసారి పలికే స్వరాల కూర్పులు) పట్టడానికి వేళ్ళు సాగదీయాలి, గట్టిగా నొక్కాలి. ఆ పనిని ఆమె చేతి మీద నుంచి తీసి ట్యూనింగ్ కీల మీద పెట్టింది. తీగల్నే ముందుగా కావలసిన స్వరాలకు తిప్పి పెట్టుకుంటే, ఒక వేలు అడ్డంగా వేసినా, రెండు వేళ్ళు ఆనించినా మామూలు పట్టులో అందని కార్డు పలుకుతుంది. ఇలా ఆమె వాడిన శ్రుతులు యాభైకి పైనే. అవసరం కొద్దీ పట్టిన దారి అన్నది నిజమే. కానీ అవసరం తీరాక కూడా ఆగకుండా పోయి, ఇంకెవరి చేతిలోనూ వినిపించని కార్డులు కట్టుకుంది. మార్కులు వేయాల్సింది అక్కడ.

ఆల్బమ్ మొదటి పాట ‘కయోటీ’ శ్రుతి చూద్దాం. ఆరో తీగ నుంచి, అంటే లావు తీగ నుంచి వరుసగా సి, జి, డి, ఎఫ్, సి, ఇ. సి ని షడ్జం అనుకుంటే స, ప, రి, మ, స, గ. సంగీతం క్లాసుకు కొన్నాళ్ళయినా పోయినవాళ్ళకు ఇది చూడగానే వెలుగుతుంది. గాంధారం, మధ్యమం రెండూ ఒకే మోతలో ఉన్నాయి. అందుకే ఏ ఫ్రెట్ (మెడ మీది లోహపు అడ్డపట్టీ) మీద వేలు అడ్డంగా వేసినా అది తేటగా మేజర్ కార్డూ కాదు, మైనరూ కాదు. ఇంకా ఏదో రావాల్సి ఉన్నట్టు నిలబడుతుంది. పాట ఆగకుండా రోడ్డు మీద పోతున్నట్టు అనిపించడానికి సగం కారణం ఈ కార్డే. ఈ ఆల్బమ్ పాటలు ఎక్కువగా ఆమె అమెరికాలో కారులో తిరుగుతూ రాసినవి. పియానో వెంట లేదు కాబట్టి పియానో పాట ఒక్కటీ లేదు. అంతకుముందు ఆల్బముల్లో పియానో మోసిన బరువు ఇక్కడ మొత్తం గిటార్ మీదే పడింది.

ఇది మీ గిటార్ మీద పెట్టుకోవడం పెద్ద విద్యేమీ కాదు. క్రోమాటిక్ మోడ్‌లో, అంటే పన్నెండు స్వరాలనూ చూపించేలా, ట్యూనర్ యాప్ పెట్టుకోండి. ఆరో తీగను ఇ నుంచి సి కి దించాలి, నాలుగు ఫ్రెట్ల దూరం. ఐదోది ఎ నుంచి జి కి, రెండు ఫ్రెట్లు దించాలి. నాలుగోది డి అలాగే ఉంటుంది. మూడోది జి నుంచి ఎఫ్‌కు, రెండు ఫ్రెట్లు కిందికి. రెండోది బి నుంచి సి కి, ఒక ఫ్రెట్ పైకి. ఒకటోదాన్ని ముట్టుకోవద్దు. యాప్ లేకపోతే ఆమె వాడే గుర్తు సరిపోతుంది: సి 7 7 3 7 4. ఆరో తీగను సి చేసి, దాని ఏడో ఫ్రెట్ నొక్కితే వచ్చే స్వరానికి ఐదో తీగను కలపాలి. ఐదోదాని ఏడో ఫ్రెట్‌కు నాలుగోది. నాలుగోదాని మూడో ఫ్రెట్‌కు మూడోది. చివరిదాకా అదే వరస.

రెండో పాట ‘అమీలియా’ది సి 7 5 4 3 5. స ప స గ ప స. ఆమె పాత పాట ‘బిగ్ యెల్లో టాక్సీ’ది ఇ 7 5 4 3 5, అంటే అదే నిచ్చెన (తీగల మధ్య అవే దూరాలు), నాలుగు ఫ్రెట్లు ఎత్తులో. ఒకదానికి నేర్చుకున్న వేళ్ళ పట్లు రెండోదానికి పనికొస్తాయి. యాభై శ్రుతులు అనగానే జడుసుకోనక్కర లేదు, నిచ్చెనలు అంతకన్నా చాలా తక్కువ.

ఇక్కడిదాకా చదివి గిటార్ తీసినవాళ్ళకు మొదటి దెబ్బ ఆరో తీగ దగ్గరే తగులుతుంది. తీగ మందం మార్చకుండా నాలుగు ఫ్రెట్లు దించితే బిగువు సుమారు 37 శాతం పడిపోతుంది. మన ఊళ్ళలో దొరికే తక్కువ ధర గిటార్లకు మామూలుగా సన్న సెట్టు ఉంటుంది, 10 నుంచి 47 గేజ్ (తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలో). ఆ 47 తీగ సి కి దిగేసరికి వదులై ఫ్రెట్ల మీద దబదబ కొట్టుకుంటుంది, గట్టిగా మీటినప్పుడల్లా శ్రుతి ఒక క్షణం పైకి పోయి దిగుతుంది. ‘నా గిటార్ పనికిరాదు’ అని పక్కన పెట్టేస్తారు. పనికిరానిది గిటార్ కాదు, తీగ. కనీసం 12–53 సెట్టు కావాలి. 13–56 అయితే ఇంకా మేలు: 53 కన్నా 56 మీద అదే స్వరానికి బిగువు పదకొండు శాతం దాకా ఎక్కువ. జిల్లా కేంద్రంలో ఈ గేజ్ దొరక్కపోతే పట్నం పోయేవాళ్ళకు చెప్పి తెప్పించుకోవడమే.

రెండో ఇబ్బంది నట్, అంటే మెడ చివర తీగలు కూర్చునే గాళ్ళ పట్టీ. 47 కోసం కోసిన గాడిలో 56 పట్టదు, పైనే కూర్చుంటుంది; కీ తిప్పినప్పుడు ‘టింగ్’ మని ఎగిరి శ్రుతి దాటిపోతుంది. గాడిని సన్న ఆకురాయితో కొంచెం వెడల్పు చేయించాలి, లోతు మాత్రం పెంచొద్దు. గాడిలో పెన్సిల్ ముక్కు రుద్దితే జారుడు వస్తుంది. మూడోది మెడ. తీగల మొత్తం లాగుడు తగ్గితే మెడ వెనక్కి నిటారుగా పోయి మొదటి మూడు నాలుగు ఫ్రెట్లలో రొద మొదలవుతుంది. మెడ లోపలుండే కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, పావు చుట్టు వదులు చేసి ఒక రాత్రి వదిలేసి చూడాలి. ఒకేసారి అర చుట్టు తిప్పే ధైర్యం వద్దు.

ఇప్పుడు కుడి చెయ్యి. ‘కయోటీ’లో డ్రమ్ సెట్ లేదు. జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు లేని బేస్ గిటార్, బాబీ హాల్ చేతి తాళవాద్యాలు, ఆమె గిటార్ వినిపిస్తాయి. లయను పట్టుకుని నడిపేది ఆ గిటారే. బొటనవేలు లావు తీగలను మోగిస్తూ తంబురాలా శ్రుతిని నిలబెడుతుంది. మిగతా వేళ్ళు సన్న తీగలను పైకి కిందికి రాస్తూ పోతాయి. మధ్యలో అరచెయ్యి తీగల మీద పడి మోతను కోసేస్తుంది, ఆ దెబ్బే డ్రమ్. గిటార్ షురూ చేసిన రోజుల్లో ఆమె పీట్ సీగర్ పాఠాల రికార్డు పెట్టుకుని నేర్చుకుంది. ఎలిజబెత్ కాటన్ పద్ధతిలో బొటనవేలు ఒక లావు తీగ నుంచి ఇంకోదానికి మారుతూ ఉండాలి. అది ఆమెకు పట్టుబడలేదు. దొరకని ఆ పద్ధతి స్థానంలో తయారైందే ఈ వాయింపు.

సాధన చేసేవాళ్ళు ఎడమ చేతిని పూర్తిగా వదిలేసి, తెరిచిన తీగల మీదే కుడి చేతిని సరిచేసుకోవాలి. అరచేతి మడమను బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించే పట్టీ) మీద ఆనించి బొటనవేలితో ఆరో తీగ, చూపుడు వేలి గోటితో సన్న తీగలు మూడూ కిందికి, మళ్ళీ పైకి, తర్వాత చెయ్యి పరిచి దెబ్బ. ఎక్కువ మంది ఇక్కడ చేసే తప్పు ప్రతిసారీ ఆరు తీగలనూ గీకేయడం. స రి గ మ అన్నీ ఒకేసారి మోగితే అది కార్డు కాదు, గోల. ఏ క్షణంలో ఏ మూడు తీగలు పలకాలో ఎంచుకోవడమే ఆమె పనితనం. ఇది నెమ్మదిగానే పట్టుబడుతుంది.

‘అమీలియా’ ఇంకా కఠినమైన పరీక్ష. అందులో బేసూ లేదు, డ్రమ్సూ లేవు. లారీ కార్ల్‌టన్ ఎలక్ట్రిక్ గిటార్, విక్టర్ ఫెల్డ్‌మన్ వైబ్రాఫోన్ (లోహపు పట్టీలను కొట్టి వాయించే వాద్యం) దూరంగా మెరుస్తుంటాయి. కిందనున్న నేలంతా ఆమె ఆరో తీగే. కార్ల్‌టన్ లీడ్ చాలా అందంగా ఉంటుంది. కానీ ఒకసారి దాన్ని వదిలేసి కింది గిటార్‌నే పట్టుకుని వినండి, పాట ఎక్కడా కూలదు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినొద్దు. ఆ కింది సి 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అంత చిన్న స్పీకర్ దాన్ని పలికించలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోకపోతే సగం గిటార్ పోయినట్టే.

పాలమూరు వైపు వాళ్ళకు ఈ కొలత కొత్తదేమీ కాదు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర పట్టుకుని పండుగ సాయన్న కథ పాడితే, వేళ్ళ స్పీడు ఎంత అని ఎవరూ అడగరు. మాట ఆగిన చోట కిన్నెర ఏమందో వింటారు. జోనీని కూడా ఆ చెవితో వింటే చాలు.

లోపాలు లేవా? మస్తుగా ఉన్నాయి. ‘సాంగ్ ఫర్ షారన్’ ఎనిమిది నిమిషాలు దాటుతుంది, గిటార్ ఒకే నడకలో పోతూనే ఉంటుంది. మాటలు అర్థం కాకపోతే నాలుగో నిమిషానికే విసుగు. ఆల్బమ్ రెండో సగంలో ఆ ఒక్క నడక మీద ఆధారపడటం ఎక్కువైంది. మనలాంటివాళ్ళకు ఇంకా పెద్ద సమస్య, ఈ విద్య పదిమందితో కలిసి వాయించడానికి ఒదగదు. చర్చి క్వయర్‌లోనో, పెళ్ళి ఆర్కెస్ట్రాలోనో కీబోర్డు అన్న ‘ఏం కార్డు?’ అని అడిగితే చెప్పడానికి పేరుండదు. మెడ మీద బిగించే క్లిప్పుతో, అంటే క్యాపోతో, శ్రుతి ఎత్తొచ్చు గాని, వేదిక మీద పాటకో ట్యూనింగ్ మార్చుతూ కూర్చుంటే జనం లేచిపోతారు. ఆమెకూ ఇదే బాధ. 1995 ప్రాంతంలో రోలాండ్ వీజీ-8 అనే పరికరం పట్టుకున్నాకే తీగలు తిప్పకుండా శ్రుతులు మార్చడం కుదిరింది.

చేతులు కళ్ళారా చూడాలంటే ‘షాడోస్ అండ్ లైట్’ వీడియో ఉంది, 1979లో సాంటా బార్బరాలో తీసింది. పక్కన పాట్ మెథినీ లాంటి జాజ్ గిటారిస్టు ఉన్నా రిథమ్ పగ్గాలు ఆమె చేతిలోనే ఉంటాయి. రోలింగ్ థండర్ టూర్ మీద 2019లో వచ్చిన స్కోర్సెసీ సినిమాలో ‘కయోటీ’ పాడే ముక్క ఇంకా మంచిది. బాబ్ డిలన్, రోజర్ మెగ్విన్ గిటార్లు పట్టుకుని ఆమె వెనకే పోతుంటారు, దారి చూపించేది ఎవరో అడగక్కర లేదు. ఆల్బమ్ స్ట్రీమింగ్‌లో దొరుకుతుంది. 2022 జనవరిలో స్పాటిఫై నుంచి తన పాటలు తీయించేసింది, 2024 మార్చిలో మళ్ళీ వచ్చాయి.

నా లెక్కలో కుడి చేతికి పదికి పది, కార్డుల ఊహకు పదికి పది, సోలోకు ఒకటి, పదిమందితో కలిసి వాయించే పనికి మూడు.

ఇంకొక్క జాగ్రత్త. 13–56 సెట్టు వేసిన గిటార్‌ను ఆదివారం పాటల కోసమని మామూలు శ్రుతికి ఎత్తొద్దు. సన్న సెట్టు కోసం చేసిన ప్లైవుడ్ బాడీ మీద ఆ లాగుడుకు బ్రిడ్జ్ వెనక అంచు లేస్తుంది. నల్లగొండ ఎండాకాలంలో మూసిన కారులోనో, రేకుల గదిలోనో పెడితే జిగురు మెత్తబడి ఇంకా తొందరగా ఊడుతుంది. బ్రిడ్జ్ వెనక ఒక కాగితం ముక్క దూరుతోందంటే వెంటనే తీగలన్నీ వదులు చేసి రిపేరుకు ఇవ్వాలి. చర్చికి 10 సెట్టు గిటార్ ఒకటి, ఈ పాటలకు పాతది ఇంకొకటి పెట్టుకోవడం నయం.