స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ పెళ్లి: సర్వీసు ఎలా ఉంది, మాకేం జరిగింది

రేటింగ్ ముందే చెప్పేస్తాను, 5కి 2. ఆ రెండూ కూడా రెండో ఆఫీసర్ గారి పుణ్యమే.

బిర్యానీ బాగోలేకపోతే రివ్యూ రాస్తాం, ఫోను పాడైతే రాస్తాం, మరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గురించి ఎందుకు రాయకూడదు? అక్కడికీ ఫీజు కట్టే వెళ్తాం కదా. మాది కోస్తాలో ఒక చిన్న పట్టణం. ఊరి పేరు రాయను, అక్కడి స్టాఫ్ ఇప్పటికీ బజార్లో మా నాన్నకి ఎదురుపడుతూనే ఉంటారు. మేము హిందువులం, మా ఆయన వాళ్లు ముస్లింలు. ఇద్దరిలో ఎవరమూ మతం మారదల్చుకోలేదు. అలాంటివాళ్ల కోసమే 1954లో ప్రత్యేక వివాహ చట్టం తెచ్చారు, మేమూ దాని ప్రకారమే చేసుకుందామని నోటీసు ఫారం నింపుకుని, వయసు రుజువులు, అడ్రస్ రుజువులు, ఫోటోలు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లాం.

ఆఫీసర్ గారు ఫారం అందుకున్నారు. రెండు పేర్లూ చదివారు. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, ఫారాన్ని మెల్లగా మావైపు జరిపారు. "అమ్మా, ఇలాంటివి నా చేతుల మీదుగా జరగవు. మా మతం ఒప్పుకోదు. రేపు దేవుడి ముందు జవాబు చెప్పుకోవాల్సింది నేను" అన్నారు. ఆయన మతం ఏమిటో ఇక్కడ రాయను, ఎందుకంటే ఏ మతంలో ఉన్నా ఈ మాట అనేవాళ్లు ఉంటారు. డబ్బుల కోసం ఆడిన నాటకం మాత్రం కాదు. మాట్లాడుతుంటే గొంతు వణికింది, నిజంగా నమ్మే అన్నారు. నాకు ఎక్కువ భయం వేసింది కూడా అందుకే, లంచం అడిగితే కనీసం ఏం చేయాలో తెలుస్తుంది, ఇలా అంటే ఏం చేస్తాం?

మా ఆయన మెల్లగా, "సార్, ఫారంలో మతం అని గడే లేదు కదా" అన్నారు. నిజంగానే లేదు. చట్టంలో ఇచ్చిన నోటీసు నమూనాలో పేరు, పెళ్లి కాలేదా, విడాకులా, భార్యో భర్తో పోయారా, వృత్తి, వయసు, నివాసం, అక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నారు, ఇవే అడుగుతారు. ఆఫీసర్ చూడాల్సింది కూడా కొద్దిగానే: ఇప్పటికే భార్యో భర్తో ఉన్నారా, అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాయా, తెలివిలో ఉండి ఒప్పుకుంటున్నారా, చేసుకోకూడని వరస ఏమైనా ఉందా, ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో నోటీసుకి ముందు 30 రోజులు ఉన్నారా. అమ్మానాన్నల సంతకం అక్కర్లేదు. ఆయన మాత్రం "పెద్దవాళ్లని తీసుకురండి, అప్పుడు చూద్దాం" అనేసి తర్వాతి టోకెన్ పిలిచారు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. నాకు ఏడుపు వచ్చింది. ఆఫీసర్ గారు లోపల ఇంకో మాట కూడా అన్నారు, "నాకు మత స్వేచ్ఛ లేదా?" అని. ఆ ప్రశ్న చాలా రోజులు నా బుర్రలో తిరిగింది. ఉంది, ఎందుకు లేదు. రాజ్యాంగం 25వ అధికరణ ఆయనకీ అంతే వర్తిస్తుంది. కానీ ఆ అధికరణ మొదలయ్యేదే మిగతా ప్రాథమిక హక్కులకు లోబడి అనే షరతుతో. ఇష్టమైనవాళ్లని పెళ్లి చేసుకోవడం 21వ అధికరణ (ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకి రక్షణ ఇచ్చేది) కిందకే వస్తుందని 2018లో హాదియా కేసులో, అంటే కేరళ హైకోర్టు రద్దు చేసిన ఒక అమ్మాయి పెళ్లి కేసులో, సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆయన ఇంట్లో పూజ గానీ, ప్రార్థన గానీ, నమాజు గానీ ఎవరూ ఆపడం లేదు. ఆ కుర్చీ మాత్రం ఆయన సొంతం కాదు, మా ఊళ్లో ఆ పనికి ఇంకో ఆఫీసు లేదు, నచ్చకపోతే పక్క షాపుకి వెళ్దామంటే కుదరదు.

డాలస్‌లో ఉండే మా అన్నయ్యకి ఫోన్ చేసి ఏడిస్తే, అక్కడి కథ ఒకటి చెప్పాడు. 2015లో స్వలింగ వివాహాలకు అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకున్నాక, కెంటకీ రాష్ట్రంలో కిమ్ డేవిస్ అనే కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్క్ తన మత విశ్వాసం కారణంగా అసలు ఎవరికీ పెళ్లి లైసెన్సులే ఇవ్వనంది. కోర్టు ఇవ్వమని చెప్పినా వినకపోతే జడ్జి ఆమెని జైలుకి పంపారు, అయిదు రోజులు ఉంది. ఆ రోజుల్లో ఆమె కింద పనిచేసే డిప్యూటీలు లైసెన్సులు ఇచ్చారు. మర్నాడు అన్నయ్య ఇంకోటి పంపాడు, 2016లో ఆ రాష్ట్రం లైసెన్సు ఫారం మీద క్లర్క్ పేరు ఉండక్కర్లేదని చట్టం మార్చేసిందట. నాకు జైలు కంటే ఈ రెండోదే నచ్చింది. ఆ మనిషికి ఇబ్బంది తప్పింది, పెళ్లి చేసుకోవడానికి వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లాల్సిన పనీ లేదు. మాకు కూడా ఆ సార్ "నేను చేయలేనమ్మా, పక్క సీటు ఆయన చేస్తారు, కూర్చోండి" అని ఉంటే ఈ రివ్యూ రాసేదాన్నే కాదు.

మేము జిల్లా రిజిస్ట్రార్‌కి కాగితం మీద కంప్లయింట్ రాసిచ్చి, రెండో కాపీ మీద అందినట్టు స్టాంపు వేయించుకున్నాం. ఈ గొడవలో 11 రోజులు పోయాయి, మా ఆయన సెలవులన్నీ అయిపోయాయి. ఆ తర్వాత నోటీసు తీసుకున్నారు, ఇన్‌ఛార్జిగా వేరే ఆఫీసర్ గారు వచ్చారు.

ఇక్కడ సర్వీసులో ఉన్న పెద్ద లోపం చెప్పాలి. నోటీసుని 30 రోజులు ఆఫీసులో అందరికీ కనిపించేలా పెడతారు. మాది గోడకి గమ్ముతో అంటించారు, ఒక మూల ఊడిపోయి ఫ్యాను గాలికి టపటపలాడుతోంది, అందులో నా పేరు, వయసు, ఇంటి అడ్రస్సు. సాయంత్రానికల్లా దాని ఫోటో మా నాన్న వాట్సాప్‌కి వచ్చింది. జంట కోరితేనే నోటీసు బయట పెట్టాలని 2021లో అలహాబాద్ హైకోర్టు చెప్పింది, మా దగ్గర మాత్రం అంటించారు. మాకు ఊరూపేరూ తెలియని ఒకాయన "వేరే మతం" అని అభ్యంతరం కూడా రాసిచ్చాడు. చట్టంలోని షరతులకి సంబంధం లేని అభ్యంతరం నిలబడదు కాబట్టి అది పోయింది, కానీ ఆ రోజుల టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

రెండో ఆఫీసర్ గారి గురించి రాయాలి. నుదుట నామం, టేబుల్ అద్దం కింద వెంకటేశ్వరస్వామి పటం. నా గుండె జారిపోయింది. ఆయన కాగితాలన్నీ ఒక్కొక్కటిగా చూసి, "మా ఇంట్లో అయితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదమ్మా, దాచిపెట్టి ఏం లాభం" అన్నారు. అని, రిజిస్టర్ తెరిచి, ముగ్గురు సాక్షుల పేర్లు తప్పుల్లేకుండా రాశారు. సంతకం పెట్టే ముందు రోజూ చేసే అలవాటేమో, పెన్ను కళ్లకద్దుకున్నారు. మేమిద్దరం ఆయన ముందు ఒకరినొకరు చట్టబద్ధంగా భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని చెప్పాలి. నాకు మధ్యలో గొంతు పట్టేస్తే, "తొందరేం లేదు, నీళ్లు తాగి చెప్పు" అని తన సీసా ఇచ్చారు.

వెళ్లబోయేవాళ్లకి: నోటీసు తీసుకోనంటే అక్కడ వాదించొద్దు, కారణం రాసివ్వమని అడగండి, ఇవ్వకపోతే జిల్లా రిజిస్ట్రార్‌కి రాయండి. ఎవరిదో అభ్యంతరం నిజమని పెళ్లి చేయనంటే 30 రోజుల్లో జిల్లా కోర్టుకి అప్పీలు చేసుకోవచ్చు. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, ఆ లెక్క చూసుకుని సెలవులు పెట్టుకోండి.

సర్టిఫికెట్ తీసుకున్న రోజు ఆ రెండో ఆఫీసర్ గారికి పూతరేకులు పట్టుకెళ్లాం. పెట్టె తీసుకోలేదు. ఒక్కటి మాత్రం కాగితంలో చుట్టుకుని, మిగతావి బయట వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి పంచమన్నారు.