బాత్‌రూమ్ నేలకు తాండూరు బండనా, మ్యాట్ టైలా?

నల్లగొండ, పాలమూరు ఊర్లలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. నేల ఏదైనా తెల్లపొర కడుతుంది. తేడా అంతా దాన్ని వదిలించడంలోనే. తాండూరు బండ సున్నపురాయి. యాసిడ్ పోస్తే నురగ లేస్తుంది; పొరతోపాటు బండ పైభాగమూ కరిగి గరుకై మురికి పడుతుంది. మ్యాట్ (మెరుపు, జారుడు లేని) టైలు ఓర్చుకుంటుంది గానీ సందుల్లోని సిమెంటు ఓర్చుకోదు. అందుకే 2–3 మి.మీ. సందు వదిలి ఎపాక్సీ (గట్టిపడే రెసిన్ జిగురు) నింపించాలి. ఖర్చని మేస్త్రీ వద్దంటాడు, వినొద్దు.

వాటంలోనూ టైలుదే పైచేయి. జాలివైపు (నీళ్లు బయటికి పోయే రంధ్రం వైపు) 4 అడుగులకు అంగుళం వాలు కావాలి. అడుగు సైజు టైలు నాలుగు దిక్కుల నుంచీ ఆ వాలుకు ఒదుగుతుంది. 2 అడుగుల బండను కోయకుండా పరిస్తే మూలల్లో నీళ్లు నిలుస్తాయి.

దెబ్బ తగిలితే మాత్రం బండే నయం. పెచ్చు లేచినా లోపలా అదే రంగు. టైలు మీద మచ్చ పడుతుంది. నల్లా కింద బట్టలుతికే చోటుకు పాలిష్ లేని బండ వేయించండి. ముసలివాళ్లు స్నానం చేసేచోట మ్యాట్ టైలే.

రెండూ నీళ్లను ఆపవు. ముందు వాటర్‌ప్రూఫింగ్ గోడ మీదికి అడుగు దాకా ఎక్కించాలి. అది ఆరాక జాలి మూసి, 24 గంటలు నీళ్లు నిలిపి, కింద చెమ్మ రాలేదని చూశాకే బండలు, టైళ్లు పరవడం మొదలుపెట్టించండి.