'నాట్' అనే మాటను మింగేసే సెర్చ్: ఆరేళ్ల తరువాత

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోనే ఉన్న ఫుల్ టెక్స్ట్ సెర్చ్‌ను, అంటే రాతలోని మాటలను బట్టి రికార్డులను వెతికే సౌకర్యాన్ని, ఆరేళ్లుగా వాడుతున్నాను. పని ఒక్కటే: ఇంగ్లిష్‌లో రాసిన పాత మరమ్మతు ఫిర్యాదులు వెతకడం. వేగంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా అది అడగకుండానే వదిలేసే మాటలతో.

అలా వదిలేసే మాటలను స్టాప్ వర్డ్స్ అంటారు. ఇంగ్లిష్ కోసం దానితో పాటు వచ్చే స్టాప్ వర్డ్స్ ఫైల్లో 127 మాటలుంటాయి. 'ద', 'ఈజ్' లాంటివి పోతే ఎవరికీ నష్టం లేదు. కానీ 'నాట్', 'నో', 'ఆన్', 'ఆఫ్' కూడా అందులోనే ఉన్నాయి. 'నాట్ వర్కింగ్' అని వెతికితే 'నాట్' మాయమవుతుంది, 'వర్కింగ్' కుదించుకుపోయి 'వర్క్' అవుతుంది. చెడిపోయిన యంత్రాలు, బాగైపోయిన యంత్రాలు ఒకే వరుసలో వచ్చి కూర్చుంటాయి. రెండేళ్లపాటు ఎవరూ గమనించలేదు. ఫలితాలు అసలు రాకపోతే అడుగుతారు గానీ, కుప్పలుగా వస్తుంటే తమకే వెతకడం చేతకాదనుకుని ఊరుకుంటారు.

గుట్టు వేరే దారిలో బయటపడింది. కొత్తగా చేరిన ఒకాయన 'ఐటీ' విభాగం ఫిర్యాదుల కోసం ఇంగ్లిష్‌లో ఆ రెండక్షరాలే (IT) కొట్టి, ఒక్క రికార్డూ లేదేమిటని అడిగారు. నేను ఇండెక్స్‌ను (వేగంగా వెతకడానికి ముందే కట్టి ఉంచే సూచికను) అనుమానించి రాత్రంతా దాన్ని మళ్లీ కట్టించాను. పొద్దున అదే క్వెరీని, అంటే వెతకమనే ఆదేశాన్ని, నేరుగా డేటాబేస్‌కే ఇస్తే ఒక హెచ్చరిక కనిపించింది: ఈ క్వెరీలో స్టాప్ వర్డ్స్ తప్ప ఏమీ లేవు, పట్టించుకోవడం లేదు అని. దాని దృష్టిలో అది విభాగం పేరు కాదు, 'ఇట్' అనే సర్వనామం. పాపం, అది ప్రతిసారీ చెబుతూనే ఉంది. నేను రాసిన అప్లికేషనే ఆ మాటను బయటికి రానివ్వలేదు.

జాబితాను కాపీ చేసి, మాకు పనికొచ్చే మాటలను అందులోంచి తీసేసి, కొత్త డిక్షనరీ, కొత్త కాన్ఫిగరేషన్ (ఏ మాటను ఉంచాలో, దేన్ని వదలాలో సెర్చ్‌కు చెప్పే అమరికలు) తయారుచేశాను. క్వెరీని దానికి మార్చి నిశ్చింతగా పడుకున్నాను. మర్నాడు 'నాట్' ఉన్న ప్రతి వెతుకులాటకూ సున్నా. రికార్డుల పక్కన దాచిన వెక్టర్ కాలమ్ (ప్రతి రికార్డులోని మాటలను వెతకడానికి వీలుగా కుదించి ఉంచే గడి) పాత జాబితాతో తయారైనది; అందులో 'నాట్' లేనే లేదు, క్వెరీ మాత్రం అది కావాల్సిందేనని పట్టుబడుతోంది. కాలమ్‌ను కూడా కొత్తగా నింపాకే దారికి వచ్చింది.

మధ్యలో ఒకసారి విసుగొచ్చి జాబితానే ఎత్తేశాను. ఆ వారం నా కోపం కాస్త తగ్గింది. ఎవరో అలవాటుగా కొట్టిన 'ద' కూడా తప్పనిసరి షరతైపోయింది. పైగా ర్యాంకింగ్, అంటే ఫలితాల్లో ఏది ముందో తేల్చే లెక్క, ఒక మాట మొత్తం రికార్డుల్లో ఎంత అరుదో చూడదు కాబట్టి, 'ద'కూ 'కంప్రెసర్'కూ ఒకటే విలువ. ఆ 127 మాటలను ఊరికే పెట్టలేదన్నమాట.

నాది సొంత సర్వర్ కాబట్టి జాబితా ఫైలును అందులో పెట్టగలిగాను. ఆ ఫోల్డర్‌ను ముట్టుకోనివ్వని అద్దె సేవలో ఉన్నవారికి ఈ దారి లేదు. వ్యాసాల్లాంటివి వెతికేవారికి బహుశా ఈ బెడదే రాదేమో. ఫిర్యాదుల్లో మాత్రం 'నాట్' పోతే వాక్యానికి ప్రాణమే పోతుంది.

ఒకటి ఇంకా మిగిలే ఉంది. 'బ్లాక్ బి' అంటే బి మాత్రమే వస్తుంది. 'బ్లాక్ ఎ' అంటే 'ఎ' స్టాప్ వర్డ్ కాబట్టి ఊరంతా వస్తుంది. ఆ అక్షరాన్ని జాబితాలోంచి తీసే ధైర్యం చేయలేదు. కొత్త ఫిర్యాదుల్లో మధ్యన హైఫన్ పెట్టి 'ఎ-బ్లాక్' అని రాయమన్నాను, అలా రాసినవి సరిగ్గానే దొరుకుతున్నాయి. పాతవాటిని ఇప్పటికీ కంటితోనే ఏరుకుంటున్నాం.