పదహారు మందిమి, ఒక బోటు: గాలాపగోస్‌లో నాలుగు రాత్రులు

"పక్షుల్ని చూడటానికి అంత దూరం పోవాల్నా మా? నేలపట్టు లేదా?" అంది నెల్లూరులో మా పక్కింటి అక్క. ఆమె మాటలో తప్పేం లేదు. నేలపట్టు ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయినా మా లెక్కలో ఇంకా మాదే. చలికాలంలో అక్కడ చెరువు నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని మేపుతుంటే చూడటం నాకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. అట్లాంటాలో ఉన్న మా అబ్బాయి టికెట్లు తీశాడు కాబట్టి వెళ్ళాం గానీ, లేకపోతే ఈ గాలాపగోస్ ద్వీపాలున్న ఈక్వడార్ దేశం ఎక్కడుందో మ్యాప్‌లో వెతుక్కునేదాన్నే.

మొదట ఈక్వడార్ రాజధాని క్విటోలో ఒక రాత్రి. సముద్ర మట్టానికి 2,850 మీటర్ల ఎత్తున్న ఊరు. హోటల్ బాగుంది, కానీ రెండో అంతస్తు మెట్లెక్కేసరికి మా ఆయనకూ నాకూ ఆయాసం. వీలైతే లిఫ్ట్ ఉన్న హోటలే తీసుకోండి. అక్కడ డబ్బు మార్చుకునే పని లేదు, 2000 నుంచి వాళ్ళది అమెరికా డాలరే. ద్వీపాలకి విమానం ఎక్కే ముందే 20 డాలర్ల రాకపోకల కార్డు కొనాలి, దిగాక జాతీయ పార్కు రుసుము 200 డాలర్లు కట్టాలి. 2024 ఆగస్టుకి ముందు ఇది వందే. విమానాశ్రయంలో పండ్లూ విత్తనాలూ ఉన్నాయేమోనని సామాను వెతుకుతారు. బయటి మొక్కలు అక్కడ మొలిస్తే ఉన్నవి చస్తాయని వాళ్ళ భయం. "ఆవకాయలో టెంక ఉంటుంది, అదీ విత్తనమే కదమ్మా" అని మావాడు సీసాని అట్లాంటాలోనే పెట్టించేశాడు. కంది పొడి మాత్రం తెచ్చుకున్నాం, ఎవరూ ఏమీ అనలేదు.

ఇక బోటు. ఒక్కొక్కరికి రెండువేల డాలర్ల పైనే అయింది, కాబట్టి కాస్త కఠినంగానే చెబుతాను. ఏజెంటు పై డెక్కులో గది అన్నాడు. ఇచ్చింది కింద, ఇంజను పక్కన. మొదటి రాత్రి ఆ చప్పుడుకీ డీజిల్ వాసనకీ కునుకు పట్టలేదు. అడిగితే "చివరి నిమిషంలో మారింది" అన్నారు. గది నంబరుతో సహా కాగితం మీద రాయించుకోకపోవడం మా పొరపాటు. పైగా మేం వెళ్ళింది ఆగస్టు చివర. జూన్ నుంచి నవంబరు దాకా అక్కడ చల్లటి నీటి ప్రవాహం జోరుగా ఉంటుంది. నీళ్ళు చల్లన, పైన సన్నటి తుంపర, సముద్రం ఊపుడు. మా ఆయనకి రెండు పూటలు వాంతులు. మైపాడు సముద్రం చూసి పెరిగిన మనిషినని గొప్పగా ఎక్కారు, మాత్ర వేసుకోమంటే వినలేదు.

తిండి ఫర్వాలేదు. వంటతను రోజూ అన్నం వండాడు. చేపని నిమ్మరసంలో నానబెట్టి పచ్చిగానే తింటారు, అది నా వల్ల కాలేదు. కాల్చిన చేప అయితే బాగుంది. నెల్లూరు పులుసు తిన్న నాలుకకి చప్పగా అనిపిస్తే కంది పొడి ఉంది కదా.

ఇన్ని కష్టాల్లోనూ డబ్బు దండగ అనిపించనిది గైడు వల్లే. పార్కు అనుమతి ఉన్న గైడు లేకుండా ఆ చోట్ల కాలు పెట్టనివ్వరు, ఒక గైడుకి పదహారు మందికి మించి ఉండకూడదు. ఎంత పెద్ద ఓడైనా వందమందే పరిమితి. వంద మంది ఓడలో ఊపు తక్కువ, గదులు బాగుంటాయి. కానీ ఒడ్డుకి దిగాలంటే జట్లు జట్లుగా వంతు కోసం కూర్చోవాలి. మా బోటులో రబ్బరు పడవ రెండుసార్లు తిరిగితే అందరం ఒడ్డున ఉన్నట్టే. దిగడం రెండు రకాలు. ఒకటి రాళ్ళ మీదికి అడుగు వేయడం, రెండోది మోకాలి లోతు నీళ్ళలోకి దూకడం. చీర కట్టుకుని వెళ్దామని నాకు మొదట్లో ఆలోచన ఉండేది, మానుకోవడమే మంచిదైంది.

మొదటి మధ్యాహ్నం నార్త్ సేమర్ ద్వీపం. నీలికాళ్ళ బూబీలనే సముద్రపక్షులు దారికి అడ్డంగా గుడ్ల మీద కూర్చున్నాయి. మనం దగ్గరికి వెళ్ళినా లేవవు. మగది ఒక కాలెత్తి, దించి, రెండోది ఎత్తి ఆడదానికి చూపిస్తుంటుంది. కాళ్ళ నీలం తినే చేపల నుంచి వస్తుందట, బాగా తిన్న పక్షికి రంగు ముదురు. పక్కనే మగ ఫ్రిగేట్ పక్షులు గొంతు కింద ఎర్రటి సంచిని బెలూన్లాగా ఉబ్బించుకుని పొదల మీద కూర్చున్నాయి. జంతువులకి రెండు మీటర్ల దూరంలో ఉండాలన్నది నియమం. బూబీ తనే నడుచుకుంటూ వచ్చేస్తే గైడు మమ్మల్నే వెనక్కి జరిపాడు. మనదగ్గర పులికాట్ ఒడ్డున పక్షులు లేవాలని చప్పట్లు కొట్టేవాళ్ళు గుర్తొచ్చారు.

మర్నాడు బార్తొలొమే ద్వీపం. చెక్క మెట్లు మూడువందల డెబ్బై పైనే, ఎత్తు 114 మీటర్లు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు నిదానంగా ఎక్కొచ్చు, గైడు తొందర పెట్టలేదు. పైనుంచి చూస్తే చుట్టూ ఎర్రమట్టి, నల్లబూడిద, ఆరిన అగ్నిపర్వతాల నోళ్ళు. గైడు అక్కడే కూర్చోబెట్టి చెప్పాడు: భూమి లోపలి వేడి ఒకేచోట పైకి తన్నుతుంది, దాని మీది భూమి పైపొర పలక మాత్రం తూర్పు వైపు జరుగుతూ ఉంటుంది. అందుకే తూర్పు ద్వీపాలు పాతవి, పడమటివి కొత్తవి. పడమట ఇసబెలా ద్వీపంలో వోల్ఫ్ అగ్నిపర్వతం 2022లో, ఫెర్నాండినాలో లా కుంబ్రే 2024లో బద్దలయ్యాయి. సాయంత్రం పక్క ద్వీపంలోని సలివాన్ బేలో వందేళ్ళు దాటిన లావా మీద నడిచాం. తాళ్ళు పేనినట్టు మడతలు మడతలుగా గట్టిపడింది. ఇంత కాలానికీ అక్కడొకటి ఇక్కడొకటి చిన్న కాక్టస్ తప్ప ఏమీ మొలవలేదు. అదేచోట మావాడు నీళ్ళలోకి దిగితే పక్కనుంచి పెంగ్విన్ ఒకటి బాణంలా పోయిందట. నేను పడవలోంచి దాని తోక కూడా చూడలేదు, ఇప్పటికీ బాధే.

రాబిదా ద్వీపంలో ఇసుక ఇటుక రంగు. దానిలో ఇనుము పాలు ఎక్కువట. సముద్రంలో మేసే ఇగువానాలు, మన ఉడుముకి నల్లరంగు పూసినట్టుంటాయి, ముక్కులోంచి ఉప్పునీళ్ళు తుమ్ముతూ ఎండ కాగుతున్నాయి. వెనక మడుగులో నాలుగే ఫ్లెమింగోలు. రంగు మనవాటికన్నా ముదురు. "మన తడ దగ్గర వేలల్లో ఉంటే ఇక్కడ నాలుగా!" అన్నారు మా ఆయన. ఆ ఒక్క విషయంలో పక్కింటి అక్కే గెలిచింది.

బోటు దిగాక ప్యూర్టో అయోరా అనే ఊళ్ళో రెండు రాత్రులున్నాం. గదికి బోటు మీద పడే రోజు ఖర్చులో సగం కూడా కాలేదు. శుభ్రంగానే ఉంది, కుళాయి నీళ్ళు మాత్రం మన తీరం ఊళ్ళ బోరు నీళ్ళలాగా ఉప్పు. డార్విన్ పరిశోధన కేంద్రంలో లోన్‌సమ్ జార్జ్‌ని చూశాం. అది తన జాతిలో ఆఖరి తాబేలు, 2012 జూన్ 24న చనిపోయింది. ఇప్పుడు అద్దాల గదిలో మెడ చాచి నిలబడి ఉంది. ఊరికి పైన కొండల్లో పెద్ద తాబేళ్ళు రైతుల పొలాల్లోనే గడ్డి మేస్తుంటాయి. వాటికి బోటు అక్కర్లేదు, టాక్సీ చాలు.

అందుకే కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు, చిన్న పిల్లలున్నవాళ్ళు ఈ ఊళ్ళోనే దిగి రోజువారీ పడవల్లో తిరిగినా నార్త్ సేమర్, బార్తొలొమే దక్కుతాయి. పోగొట్టుకునేది పొద్దున్నే ఆరింటికి, వేరే పడవ రాకముందు ఒడ్డున ఉండే గంట. నాకు ఆ గంటే కావాలి. ఈసారి వెళ్తే పడమటి ద్వీపాలకి పోయే బోటు, మార్చి లేదా ఏప్రిల్, పై డెక్కు.

ఆఖరి సాయంత్రం చేపల మార్కెట్‌కి వెళ్ళాం. మార్కెట్ అంటే రేవు పక్కన ఒక గట్టు, అంతే. చేపలు కోసే ఆమె కాళ్ళ దగ్గర సీ లయన్ (సముద్ర సింహం) కూర్చుని మోచేతిని ముక్కుతో పొడుస్తోంది, చుట్టూ గూడబాతులు నోళ్ళు తెరుచుకుని. ఆమె కత్తి ఆపకుండానే "ఉండు" అన్నట్టు మోకాలితో దాన్ని పక్కకి నెట్టింది. రాత్రి పడుకుంటే హోటల్ మంచం కూడా ఊగుతూనే ఉంది. మా ఆయన లేచి, అప్పుడు వేసుకున్నారు మాత్ర.