బోర్డు చేతికి రాకముందే డ్రైవర్ పరీక్ష: క్యూఎమును చాలాకాలం వాడాక

క్యూఎము అంటే కంప్యూటర్‌ను, దాని పరికరాలను సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరించే ప్రోగ్రామ్. దాంట్లో కెర్నల్ (లినక్స్‌లోని మూల భాగం) ఎలా బూట్ చేయాలో మీకు తెలిసే ఉంటుంది, అది వదిలేస్తున్నా. నేను దీన్ని వాడేది ఒక్క పనికే. బోర్డు ఇంకా తయారీలో ఉండగానే దాని లినక్స్ డ్రైవర్ (పరికరాన్ని నడిపే కోడ్) రాసి నడిపి చూడటానికి.

ఇందులో నాకు తెగ నచ్చింది, లేని పరికరాన్ని సి భాషలో మనమే రాసుకోగలగడం. రిజిస్టర్ (డ్రైవర్ పరికరంతో మాట్లాడే చిన్న గడి) చదివితే ఏం చెప్పాలో ఒక ఫంక్షన్, రాస్తే ఏం చేయాలో ఇంకొకటి, ఇంటరప్ట్ లైన్ (ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) ఎత్తడానికి ఒక కాల్. కొత్తవాళ్లు ముందు క్యూఎములోనే ఉన్న ‘ఎడ్యు’ అనే ఉత్తుత్తి పీసీఐ పరికరం కోడ్ చదవండి. అది ఫ్యాక్టోరియల్ లెక్కగట్టి ఇంటరప్ట్ ఇస్తుంది, డీఎంఏ (ప్రాసెసర్ మధ్యలో లేకుండా నేరుగా మెమరీతో డేటా మార్పిడి) కూడా చేస్తుంది.

అసలు మజా దానిచేత తప్పులు చేయించడంలో ఉంది. నిజం చిప్‌ని ‘ఇప్పుడు మొరాయించు’ అని అడగలేం కదా! ఓసారి స్టేటస్ రిజిస్టర్‌లో రెడీ బిట్ ఎప్పటికీ 1 కాకుండా చేశా. చిప్ కంపెనీ ఇచ్చిన నమూనా కోడ్ ఆ బిట్ కోసం వైల్ లూప్‌లో తిరుగుతూనే ఉంది. కాసేపటికి, సీపీయూ 22 సెకన్లుగా ఇరుక్కుపోయిందంటూ కెర్నల్ ‘సాఫ్ట్ లాకప్’ మెసేజ్ పడేసింది. ఆ లూప్ పీకేసి, గడువు దాటితే ఎర్రర్ ఇచ్చి బయటపడే ‘రీడ్‌ఎల్ పోల్ టైమౌట్’ పెట్టాం.

తర్వాత బోర్డు వచ్చింది. మొదటి బూట్‌లోనే లాగ్‌లో మా డ్రైవర్ పేరు, పక్కన మైనస్ 110. అంటే టైమౌట్. మిగతా సిస్టమ్ మాత్రం నిక్షేపంగా లేచి సీరియల్ కన్సోల్‌లో లాగిన్ అడిగింది. చూస్తే చిప్‌లోని ఆ భాగానికి బస్ క్లాక్ (రిజిస్టర్లు చదవడానికి కావాల్సిన టిక్‌ల సంకేతం) ఉంది గానీ, లోపల పని నడిపే క్లాక్ ఆన్ కాలేదు. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కు చెప్పే వివరణ) ఒక్క లైను చేరిస్తే సరిపోయింది. పాత లూపే ఉండుంటే బూట్ మధ్యలో బిగుసుకుపోయిన బోర్డును ముందేసుకుని సోల్డరింగ్‌ను తిడుతూ కూర్చునేవాళ్లం.

అలాగని ఆ క్లాక్ లోపాన్ని క్యూఎము పట్టిందనుకోకండి. మా మోడల్‌కు, అంటే మేం సి భాషలో రాసిన ఉత్తుత్తి పరికరానికి, క్లాక్‌తో పనే లేదు, అందుకే అన్ని పరీక్షలూ పాసయ్యాయి. ప్రాసెసర్ క్యాష్ (మెమరీ డేటా నకలు పెట్టుకునే చోటు) ప్రవర్తనను కూడా ఇది అనుకరించదు. డీఎంఏ బఫర్‌కు సింక్ కాల్ (క్యాష్‌ను, మెమరీని ఒకేలా చేసే పిలుపు) లేకపోయినా ఇక్కడ డేటా శుభ్రంగా కనిపిస్తుంది, బోర్డు మీద పాత బైట్లు వస్తాయి. రీసెట్ తర్వాత ఆగాల్సిన మిల్లీసెకన్లదీ ఇదే కథ. ఇంకోటి, డేటాషీట్ చదివి మోడల్, డ్రైవర్ రెండూ ఒక్కరే రాస్తే, తప్పుగా అర్థమైన వాక్యం రెండింట్లోనూ ఒకేలా కూర్చుంటుంది. అందుకే మా దగ్గర మోడల్ వేరేవాళ్లు రాస్తారు.

మాది చిన్న టీమ్, పరికరాలు కూడా కొద్దిపాటి రిజిస్టర్లున్నవే, కాబట్టి మోడల్ రాయడానికి పెట్టిన టైమ్ గిట్టుబాటైంది. మీది ఒక్క ఐ2సి (రెండు తీగల బస్) సెన్సరే అయితే కెర్నల్‌లో ఉన్న ‘ఐ2సి-స్టబ్’ అనే ఉత్తుత్తి చిప్ చాలొచ్చు. వైఫై లాంటి పెద్ద చిప్ అయితే మాత్రం నేనైతే మోడల్ జోలికి వెళ్లను, డెవలప్‌మెంట్ బోర్డు కోసం ఆగుతా.