రోమ్‌ను బస్సు పై అంతస్తు నుంచి చూస్తే

అక్టోబరులో మూడు రోజులు రోమ్‌లో గడిపినప్పుడు, 24 గంటల టికెట్టుతో పర్యాటకుల కోసం నడిచే పై కప్పులేని డబుల్ డెక్కర్ బస్సుల్లో తిరిగాము. ఒకసారి టికెట్టు కొంటే గడువు ముగిసేవరకు ఏ స్టాపులోనైనా దిగి, చూడవలసింది చూసి, వెనుక వచ్చే బస్సు ఎక్కే హాప్ ఆన్ హాప్ ఆఫ్ పద్ధతి ఇది. నా వెంట 69 ఏళ్ల అమ్మ ఉంది, ఆమెకు మోకాళ్ల నొప్పి. రాళ్లు పరిచిన రోమ్ వీధుల్లో రోజుకు పది కిలోమీటర్లు నడిపించడం కుదరదు కాబట్టే ఈ బస్సును ఎంచుకున్నాను. అక్కడ ఈ సేవను నడిపే సంస్థలు చాలా ఉన్నాయి. బస్సు రంగులు వేరైనా అవి తిరిగే దారి దాదాపు ఒకటే. కనుక ఏ సంస్థ పేరూ ఎత్తకుండా, ఈ పద్ధతిలో రోమ్ ఎంతవరకు కనబడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో రాస్తాను.

ప్రయాణం తెర్మినీ రైల్వే స్టేషన్ దగ్గర మొదలవుతుంది. బస్సు వచ్చేలోపు పదిహేను నిమిషాలు దొరికితే స్టేషన్ ముందున్న పెద్ద పెద్ద రాతి దిమ్మెల గోడను చూడండి. అది క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో నగరం చుట్టూ కట్టిన సర్వియన్ ప్రాకారంలో మిగిలిన భాగం. రోజూ వేలమంది సూట్‌కేసులు లాక్కుంటూ దాని పక్కనుంచే వెళ్లిపోతుంటారు. స్టేషన్‌కు ఆ పేరు కూడా ఎదురుగా ఉన్న డయోక్లీషియన్ చక్రవర్తి స్నానశాలల నుంచే వచ్చింది. ఆ స్నానశాలల్లోని ఒక పెద్ద మండపాన్నే పదహారో శతాబ్దంలో మైకెలాంజెలో చర్చిగా మార్చాడు. బస్సులోని ఆడియో వ్యాఖ్యానం దీన్ని రెండు వాక్యాల్లో దాటేసింది. మేము చర్చిలోకి వెళ్లి ఆ కప్పు ఎత్తు చూశాక, రెండు వాక్యాలు ఏ మూలకూ సరిపోవనిపించింది.

రెండో స్టాపు శాంతా మరియా మజ్జోరే చర్చి. లోపల అయిదో శతాబ్దపు మొజాయిక్ చిత్రాలు ఇప్పటికీ బంగారు రంగులో మెరుస్తున్నాయి. 2025 ఏప్రిల్‌లో మరణించిన పోప్ ఫ్రాన్సిస్ సమాధి కూడా ఇక్కడే ఉండటంతో జనం వరుస కట్టి ఉన్నారు. వాటికన్‌లో కాకుండా ఈ చర్చిలోనే తనను పూడ్చిపెట్టాలని ఆయనే కోరుకున్నారు. సమాధి పలక మీద ఆయన పేరు తప్ప మరేమీ లేదు. అమ్మ అక్కడ చాలాసేపు నిలబడింది. ఇలాంటి చోట ఎంతసేపైనా ఉండవచ్చు, బస్సు మనల్ని వదిలిపోతుందన్న భయం ఉండదు. గంట లెక్కన తరిమే బృంద యాత్రల కన్నా ఈ పద్ధతి మెరుగన్నది నాకు అక్కడే అర్థమైంది.

కొలోసియం దగ్గర చాలామంది దిగిపోతారు, మేము మాత్రం ఆ రోజు దిగలేదు. లోపలికి వెళ్లే టికెట్టు మరుసటి రోజు ఉదయానికి ముందే తీసుకున్నాము. మీరూ ముందే తీసుకోండి, బస్సు టికెట్టుతో లోపలికి ప్రవేశం రాదు. వెస్పేషియన్ చక్రవర్తి ప్రారంభించగా ఆయన కొడుకు టైటస్ క్రీ.శ. 80లో తెరిచిన ఆ కట్టడాన్ని నేల మీద నిలబడి చూస్తే మెడ ఎత్తి చూడాల్సి వస్తుంది. బస్సు పై అంతస్తులో కూర్చుంటే మొదటి వరుస కమానులు మన కంటికి సూటిగా వస్తాయి. కాన్‌స్టంటీన్ విజయతోరణం పక్కనుంచి సాన్ గ్రెగోరియో వీధిలోకి తిరిగి, పాలటైన్ కొండ కిందుగా సర్కస్ మాక్సిమస్ వైపు సాగిన ఆ పది నిమిషాలే ఈ మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చిన భాగం. కొండ మీది రాజప్రాసాదాల ఎర్ర ఇటుక కమానులు ఒకదాని వెనుక ఒకటి లేస్తూ వస్తాయి. కింద, ఒకప్పుడు రథాల పందేలు జరిగిన పొడవాటి పల్లపు మైదానం ఇప్పుడు పచ్చిక. నేల మీద నడిచేవారికి అది వట్టి మైదానంలా కనిపిస్తుంది. పైనుంచి చూస్తేనే రథాలు తిరిగిన మలుపు, జనం కూర్చున్న వాలు పోల్చుకోగలిగాము.

ఆ తరువాత బస్సు నది వైపు దిగి, గుండ్రటి చిన్న పాలరాతి గుడి ముందుగా వెళ్లింది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దానికి చెందిన ఆ హెర్క్యులిస్ ఆలయం రోమ్‌లో నిలిచి ఉన్న పాలరాతి కట్టడాలలో అన్నిటికన్నా పాతది. దాన్ని దాటాక మార్సెలస్ రంగస్థలం వస్తుంది. అగస్టస్ చక్రవర్తి చిన్నవయసులో చనిపోయిన తన మేనల్లుడి పేరు మీద కట్టించిన ఈ రంగస్థలం పై అంతస్తుల్లో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. అగస్టస్ పేరు వినగానే నాకు నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేలు గుర్తొచ్చాయి. వాటిలో చాలావాటి మీద ఉన్నవి ఈయన పేరు, ఈయన తరువాతి చక్రవర్తి టిబేరియస్ పేరు. అమ్మకు ఆ సంగతి చెబితే, మన ఊరి వైపు నుంచి ఓడల్లో ఏమేమి పంపి ఉంటారో అని ఆ రోజంతా అడుగుతూనే ఉంది.

రోమ్‌కు వచ్చే మనవాళ్లకు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒకటుంది. డబుల్ డెక్కర్ బస్సు పట్టాలంటే వెడల్పైన రోడ్డు కావాలి. రోమ్ నడిబొడ్డున ఉన్న వెడల్పైన రోడ్లలో చాలావరకు పాత నగరాన్ని పడగొట్టి వేసినవే. 1871లో ఇటలీకి రాజధాని అయ్యాక, నగరం మధ్యగా వాటికన్ వైపు సాగే కొర్సో విట్టోరియో ఇమాన్యువేలే వీధి కోసం పాత ఇళ్ల వరుసలను కోసుకుంటూ పోయారు. 1870 డిసెంబరులో టైబర్ నది పొంగి నగరాన్ని ముంచేశాక, 1876 నుంచి ఒడ్డు పొడవునా ఎత్తైన గోడలు కట్టి, నీటి అంచున ఉన్న ఇళ్లను తీసేసి రోడ్లు వేశారు. 1908 మూసీ వరద తరువాత హైదరాబాద్ రూపం ఎలా మారిందో తెలిసినవారికి ఈ కథ కొత్తగా అనిపించదు. మార్సెలస్ రంగస్థలం చుట్టూ అల్లుకున్న ఇళ్లూ దుకాణాలూ ముస్సోలినీ కాలంలో పోయాయి. పియాజ్జా వెనెజియా కూడలి నుంచి కొలోసియం దాకా బాణంలా సాగే వీధిని 1932లో తెరిచారు. దాని కోసం ఒక జనావాసాన్ని పూర్తిగా తొలగించి, అక్కడివారిని ఊరి శివార్లకు పంపారు. సీజర్, అగస్టస్, ట్రేజన్ కట్టించిన సభాప్రాంగణాలలో కొంత భాగం నేటికీ ఆ తారు కిందే ఉంది. అంటే బస్సులో కూర్చున్న మనకు ఒక్కొక్క కట్టడం స్పష్టంగా కనిపిస్తుంది కానీ, శతాబ్దాల తరబడి వాటిని చుట్టుకుని బతికిన ఊరు కనిపించదు. ఆ ఊరు ఇంకా మిగిలి ఉన్న చోటికి బస్సు పోలేదు. ఆడియో వ్యాఖ్యానంలో ఈ ముక్క ఒక్కటి చెప్పినా ప్రయాణికుడికి ఎంతో మేలు జరిగేది. చక్రవర్తుల పేర్లు, తారీఖులు మాత్రమే చెప్పి, మన చక్రాల కింద ఉన్న రోడ్డు గురించి చెప్పకపోవడం నాకు పెద్ద లోపంగా తోచింది.

పియాజ్జా వెనెజియాలో మెట్రో మూడో లైను స్టేషన్ కోసం తవ్వకాలు జరుగుతున్నందున కూడలి సగం కంచెల వెనుకే ఉంది. మా బస్సు అక్కడ చాలాసేపు కదలలేదు. ఇటలీ తొలి రాజు పేరిట 1911లో ప్రారంభించిన తెల్లటి విట్టోరియానో స్మారకాన్ని ఆ సమయంలో తీరిగ్గా చూడవచ్చు. నాకు మాత్రం దాని పక్కనున్న ట్రేజన్ స్తంభం మీదే చూపు నిలిచింది. మెట్లెక్కినట్టు చుట్టూ తిరుగుతూ పైకి పోయే ఆ శిల్పాలను పాదచారులు కింది వరుసల వరకే చూడగలరు. బైనాక్యులర్స్ ఉంటే వెంట ఉంచుకోండి.

వాటికన్ స్టాపు దగ్గర మేము రెండున్నర గంటలు ఆగాము. సెయింట్ పీటర్స్ బసిలికా ముందు శిల్పి బెర్నినీ నిలబెట్టిన 284 స్తంభాలు నాలుగు వరుసల్లో చేతులు చాచినట్టు ప్రాంగణాన్ని చుట్టుకుంటాయి. ఒకప్పుడు యాత్రికులు ఇరుకు సందుల్లోంచి వచ్చి, ఒక్కసారిగా ఈ విశాలమైన చోటులోకి అడుగుపెట్టేవారట. 1936లో ఆ సందుల మధ్య ఉన్న ఇళ్లను కూల్చడం మొదలుపెట్టి, 1950కి ఇప్పటి వెడల్పైన వీధిని పూర్తి చేశారు. దాంతో నది ఒడ్డు నుంచే గోపురం కనబడుతుంది, కానీ సందు చివర ఎదురయ్యే ఆ ఆశ్చర్యం మిగలలేదు. సాయంత్రం ఎండలో బస్సు మీద నుంచి ఆ గోపురాన్ని దూరంగా చూసిన అనుభవాన్ని నేను తక్కువ చేయను. అమ్మ చేతులు జోడించింది. అయినా తెల్లవారి ఒక పక్క సందులోంచి నడిచి అదే ప్రాంగణంలోకి వచ్చినప్పుడు, బెర్నినీ ఏమి తలచి కట్టాడో మరింత బాగా తెలిసింది.

స్టాపుల పేర్లను నమ్మి దిగితే ఇబ్బంది పడతారు. మా పటంలో ట్రెవి అని రాసిన స్టాపు నుంచి ఆ ఫౌంటెన్ దగ్గరికి పది నిమిషాలు నడవాలి, నొప్పి ఉన్నవారికి ఇరవై నిమిషాలు పడుతుంది. పాంథియాన్ అనే పురాతన ఆలయం, పియాజ్జా నవోనా కూడలి పేర్లు కూడా అలాగే దూరం నుంచి చూపించినవే. హేడ్రియన్ చక్రవర్తి కాలం నాటి 43.3 మీటర్ల వ్యాసమున్న కాంక్రీటు గోపురం ఇనుప కడ్డీలు లేకుండా దాదాపు 1900 ఏళ్లుగా నిలిచి ఉన్న పాంథియాన్‌ను బస్సులోంచి చూడటం అసలు కుదరదు. అక్కడికి మరుసటి రోజు నగర బస్సులో దగ్గరిదాకా వెళ్లి, మధ్యలో రెండుసార్లు కూర్చుని, మెల్లగా నడిచి చేరాము. గోపురం మధ్యనున్న రంధ్రంలోంచి పడే వెలుగు గోడ మీద కదలడం చూస్తూ అమ్మ బెంచీ మీద అరగంట కూర్చుంది. మూడు రోజుల్లో ఆమెకు అన్నిటికన్నా నచ్చినది అదే. దారిలో వీధి కుళాయిల నీళ్లు తాగాము. నసోనీ అని పిలిచే ఈ ఇనుప కుళాయిలు 1874 నుంచి ఉన్నాయి, నీళ్లు చల్లగా, శుభ్రంగా ఉంటాయి. సీసా కొనవలసిన పని లేదు.

ఇక సేవ విషయానికి వస్తే, ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకు బస్సు అని టికెట్టు మీద రాసినా, కొలోసియం దగ్గర ఒకసారి 40 నిమిషాలు ఎండలో నిలబడ్డాము. వచ్చిన బస్సులో పైన సీట్లు లేక అమ్మను కింద కూర్చోబెట్టాల్సి వచ్చింది; కింద కూర్చుంటే కిటికీలోంచి పక్క బస్సులు తప్ప ఏమీ కనబడవు. పైకి వెళ్లే మెట్లు ఇరుకు, మలుపు ఉంది. బస్సు పూర్తిగా ఆగాక మాత్రమే ఎక్కించండి. రెండు సీట్ల దగ్గర ఇయర్‌ఫోన్ గుచ్చే చోటు పనిచేయలేదు. వ్యాఖ్యానం పలు భాషల్లో ఉంది కానీ తెలుగు లేదు. ఇంగ్లిషులో విని నేనే అమ్మకు చెబుతూ వచ్చాను. సిబ్బంది మర్యాదగానే ఉన్నారు. డ్రైవర్ అమ్మ కోసం బస్సును ఫుట్‌పాత్‌కు ఆనించి నిలిపిన సందర్భం మరచిపోలేను.

ఖర్చు దగ్గర కొంచెం ఆలోచించాలి. మాకు 24 గంటల టికెట్టు మనిషికి 30 యూరోలకు దగ్గర పడింది. రోమ్ నగర బస్సు, మెట్రోలకు 100 నిమిషాలు చెల్లే టికెట్టు ఒకటిన్నర యూరో మాత్రమే. తెర్మినీ నుంచి మెట్రోలో కొలోసియం రెండో స్టేషన్. వాటికన్‌కు వేరే లైనులో ఒట్టావియానో స్టేషన్‌లో దిగితే చాలు. చోటు నుంచి చోటుకు చేరడమే అవసరమైతే పర్యాటక బస్సు అక్కరలేదు, పైగా అది ట్రాఫిక్‌లో ఆలస్యం చేస్తుంది. ఈ డబ్బు పెట్టేది ఎత్తులో కూర్చుని చూసే ఆ రెండు గంటల చుట్టు కోసమే. కాబట్టి నడవగలిగిన వయసులో ఉన్న ఇద్దరు మిత్రులు వెళుతున్నట్టయితే నేను వద్దంటాను. తల్లిదండ్రులతోనో, చిన్న పిల్లలతోనో వెళ్లేవారు, విమానం దిగిన అలసటలో మొదటి రోజును ఎలా గడపాలో తెలియనివారు తీసుకోవచ్చు.

తీసుకునేటప్పుడు, 24 గంటలు అంటే మొదటిసారి ఎక్కిన క్షణం నుంచా లేక ఆ తేదీ ముగిసేదాకానా అన్నది అడిగి తెలుసుకోండి, సంస్థను బట్టి మారుతుంది. మాది ఎక్కిన సమయం నుంచి లెక్క కాబట్టి మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి, దిగకుండా ఒక చుట్టు పూర్తిగా తిరిగి, ఎక్కడెక్కడ దిగాలో ఆ రాత్రి గదిలో అనుకుని, మిగతా గంటలను మరునాటికి ఉంచుకున్నాము. టోపీ తప్పనిసరి, పైన నీడ ఉండదు. సీటు కుడివైపు చూసుకోండి. మేము మొదటి చుట్టు ఎడమవైపు కూర్చుని పాలటైన్ కొండను తలల మధ్యలోంచి చూశాము, రెండో చుట్టులో కుడివైపు మారాక ఆ కమానులన్నీ అడ్డం లేకుండా కనిపించాయి.